కీలులోని కనిపించని పట్టు: మృదులాస్థి కొల్లాజెన్లు – హెపారిన్

జనగామ మెట్ట చేలలో పత్తి ఏరే స్త్రీలు, మహబూబాబాద్ మాగాణులలో నాట్లు వేసే కూలీలు, భూపాలపల్లి బొగ్గు గనులలో దిగి పనిచేసే కార్మికులు, పెంబర్తిలో గంటల తరబడి నేలపై కూర్చుండి ఇత్తడి రేకుపై ఉలి నడిపే శిల్పులు – వీరందరి జీవనోపాధికి చేతులే ఆధారమని మనం అనుకుంటాము. కాని మోకాలు సహకరించనినాడు ఎంత నేర్పు గల చేయి అయినా ఊరక ఉండవలసినదే. సజ్దా చేయలేక కుర్చీపై కూర్చుండి నమాజు చేసే పెద్దలను మన మసీదులలో చూస్తూనే ఉన్నాము. బాసింపట్టు వేసి కూర్చొని భోజనం చేయలేని అమ్మమ్మలు లేని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. ఈ బాధను కొందరు వాతమంటారు, కొందరు వయసంటారు, మరికొందరు తలరాత అంటారు. వయసుకు ఇందులో పాత్ర ఉన్నమాట నిజమే. అయితే వయసు దేనిని చెరుపుతున్నది? ఏ బంధం తెగినందువలన కీలు మొరాయిస్తున్నది? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసినవారు తలరాతను అంత తొందరగా నిందించరు.

కీలులో ఎముకల కొనలను కప్పుకొని ఒక నునుపైన పొర ఉంటుంది. దానిని మృదులాస్థి అంటారు. మోకాలిలో దీని మందం చాలా చోట్ల 2 నుండి 4 మిల్లీమీటర్లు మాత్రమే. ఇంత పలుచని పొర మనిషి బరువును, అతడు మోసే మూటల బరువును కూడ దశాబ్దాల తరబడి ఎట్లా భరిస్తున్నది? దాని బలమంతా కొన్ని మాంసకృత్తులకు, కొన్ని చక్కెర గొలుసులకు మధ్యగల పట్టులో ఉన్నది. ఈ పట్టు స్వభావాన్ని శాస్త్రజ్ఞులు తెలిసికొన్నది రక్తం గడ్డకట్టకుండ వాడే హెపారిన్ అనే మందు సహాయంతో కావడం విశేషం. తెలుగు సాహిత్యం బోధించేవారికి ఈ విషయంతో పనేమిటని కొందరు అడుగవచ్చును. మన భాషలో చెప్పుకోలేని శాస్త్రం మన ఇంటిలోనికి రాదు. అందువలననే మేము ఈ ప్రయత్నానికి పూనుకొన్నాము.

పేర్లు చెప్పే సంగతి

ముందుగా పదాలను పరిశీలిద్దాము. మృదులాస్థి అనగా మెత్తని ఎముక. మాంసం తినేటప్పుడు పంటి కింద కరకరలాడేది ఇదే. మన చెవి డొప్ప, ముక్కు కొన, గొంతులోని గాలిగొట్టపు కట్లు కూడ మృదులాస్థితో ఏర్పడినవే. దీనినే అరబ్బీలో గజ్రూఫ్ అంటారు. యునానీ వైద్య గ్రంథాలలో వాడుక ఈ పేరుకే. ఇబ్న్ సీనా (క్రీ.శ. 980–1037) తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' మొదటి భాగంలో శరీర భాగాలను వివరిస్తూ ఎముక తరువాత గజ్రూఫ్‌ను పేర్కొన్నాడు. అది ఎముకకంటె మెత్తనిదై వంగగలదనీ, మిగిలిన భాగాలకంటె గట్టిదనీ, కఠినమైన ఎముక వలన మెత్తని భాగాలకు హాని కలుగకుండ రెండింటి నడుమ మధ్యవర్తిగా నిలుస్తుందనీ ఆయన అభిప్రాయం. సూక్ష్మదర్శిని లేని కాలంలో చెప్పిన ఈ మాట ఈనాటికీ సరిపోతున్నది.

కొల్లాజెన్ అనే పేరు గ్రీకు భాషలో జిగురు అని అర్థమిచ్చే 'కొల్లా' నుండి పుట్టినది. జంతువుల చర్మాలను, ఎముకలను ఉడికించి తీసే జిగురును వడ్రంగులు వెనుకటి నుండి వాడుతూ వచ్చారు. ఉర్దూలో దానినే సరేష్ అంటారు. మన ఇండ్లలో పాయా వండినప్పుడు వేళ్ళకు అంటుకొనే జిగట, చల్లారిన తరువాత గిన్నెలో పేరుకొనే ముద్ద, ఇవి ఉడికి విడిపోయిన కొల్లాజెనే. హెపారిన్ అనే పేరు కాలేయం అని అర్థమిచ్చే గ్రీకు పదం 'హెపార్' నుండి వచ్చినది. కాలేయాన్ని ఉర్దూలో జిగర్ అంటాము. జిగురు, జిగర్ అనే ఈ రెండు మాటలు చెవికి చుట్టాలవలె వినిపించినా వాటికి ఏ బంధుత్వమూ లేదు. వాటి పేరు పెట్టుకొన్న పదార్థాలకు మాత్రం గాఢమైన బంధం ఉన్నది.

మూడు పోగుల తాడు

కొల్లాజెన్ ఒక ప్రోటీను, అనగా మాంసకృత్తు. మాంసకృత్తులన్నీ అమైనో ఆమ్లాలనే పూసలను గుచ్చిన దండలు. కొల్లాజెన్‌లో ఇట్టి దండలు మూడు ఒకదానితో ఒకటి పెనవేసుకొని తాడువలె ఉంటాయి. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే శాస్త్రజ్ఞులు 1954లో ఈ మూడు పోగుల నిర్మాణాన్ని ప్రపంచానికి తెలియజేశారు. కంగారూ అనే జంతువు తోకలోని స్నాయువు గుండా ఎక్స్-కిరణాలను పంపి, ఆ కిరణాలు చెదిరిన తీరునుబట్టి వారు దీనిని ఊహించారు. మరుసటి సంవత్సరం ఆ నమూనాను మరింత సవరించారు. మన పొరుగు నగరంలో, పరిమితమైన పరికరాలతో జరిగిన ఈ పని ఈనాటికీ ప్రపంచంలోని జీవరసాయన పాఠ్యపుస్తకాలలో నిలిచి ఉన్నది.

ఈ తాడులో ఒక్కొక్క పోగుకు సుమారు వేయి అమైనో ఆమ్లాలు ఉంటాయి. ప్రతి మూడవ స్థానంలోను గ్లైసీన్ అనే ఆమ్లమే ఉండవలెను. అమైనో ఆమ్లాలన్నింటిలోను చిన్నది అదే. మూడు పోగులు కలిసే నడిమి భాగంలో మరొకదానికి చోటు లేదు. ఒక్క స్థానంలో గ్లైసీన్‌కు బదులు పెద్ద ఆమ్లం చేరినా తాడు పురి సడలుతుంది. ఈ తాడు గట్టిపడటానికి విటమిన్ సి కూడ అవసరం. అది లోపించినప్పుడు చిగుళ్ళ నుండి రక్తం కారడం, గాయాలు మానకపోవడం కొల్లాజెన్ బలహీనపడటం వలననే. మన ఊళ్ళలో దొరికే ఉసిరికాయ, జామపండు ఈ విషయంలో ఎంతో మేలు చేస్తాయి.

వెన్నెముకగల జంతువులలో ఇప్పటికి 28 రకాల కొల్లాజెన్లను గుర్తించి, వాటికి అంకెలతో పేర్లు పెట్టారు. చర్మంలోను, ఎముకలోను ఒకటవ రకం అధికం. మృదులాస్థిలో రెండవ రకానిదే రాజ్యం. అక్కడి కొల్లాజెన్‌లో 90 శాతానికి పైగా అదే ఉంటుంది. దానితోపాటు తొమ్మిదవ రకం, పదకొండవ రకం కొద్దిపాటిగా ఉంటాయి. వయోజనుల కీళ్ళలో ఈ రెండూ కలిపినా సుమారు 5 శాతానికి మించవు. మన కథలో ముఖ్యపాత్ర ఈ అల్పసంఖ్యాకులదే.

పరుపు, దూది, కుట్లు

మృదులాస్థి బరువులో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండ నీరే ఉంటుంది. ఆ నీటిని పట్టి ఉంచేది అగ్రికాన్ అనే పెద్ద అణువు. దాని నడిమి కాడకు కాండ్రాయిటిన్ సల్ఫేటు అనే చక్కెర గొలుసులు సీసా తోమే బ్రష్షు వెంట్రుకలవలె సుమారు వంద దాకా అతుక్కొని ఉంటాయి. ఈ గొలుసుల నిండ ఋణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే ఆవేశం గలవి ఒకదానినొకటి తోసుకొంటాయి. అందువలన అవి విచ్చుకొని, నీటిని లోనికి లాగి, ఉబ్బడానికి ప్రయత్నిస్తాయి. ఆ ఉబ్బును కొల్లాజెన్ పోగుల వల అదుపులో పెడుతుంది.

దూదేకులవారు పరుపు కుట్టే విధానం మన విద్యార్థులకు తెలిసినదే. ఏకిన దూది ఉబ్బుతుంది. పైగుడ్డ దానిని బిగించి పట్టుతుంది. అయితే దూది, గుడ్డ ఉంటే చాలదు. అక్కడక్కడ దారంతో గుచ్చి కుట్లు వేయకపోతే నాలుగు రోజులలోనే దూది ఒక మూలకు చేరి పరుపు ఉండలు కడుతుంది. మృదులాస్థిలో అగ్రికాన్ దూది, రెండవ రకం కొల్లాజెన్ పైగుడ్డ అనుకొంటే, తొమ్మిదవ, పదకొండవ రకాల కొల్లాజెన్లు ఆ కుట్లవంటివి. అడుగు వేసినప్పుడు నీరు కొంత బయటికి పోతుంది, అడుగు ఎత్తినప్పుడు మరల లోనికి వస్తుంది. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. దానిలోని కణాలకు ఆహారం అందేది ఈ నీటి రాకపోకల వలననే. అందుచేత కదలిక కీలుకు శత్రువు కాదు, అన్నదాత.

హెపారిన్ కథ

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో, విలియం హావెల్ అనే ఆచార్యుని వద్ద జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి పనిచేసేవాడు. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను పరిశీలించడం అతనికి అప్పగించిన పని. 1916లో అతనికి దానికి విరుద్ధమైనది కనిపించినది. కుక్క కాలేయం నుండి తీసిన ఒక పదార్థం రక్తాన్ని గడ్డకట్టకుండ ఆపినది. తరువాత ఈ పరిశోధన కొనసాగించిన హావెల్ 1918లో హెపారిన్ అనే పేరు ప్రచారంలోనికి తెచ్చాడు. 1930ల నాటికి టొరంటో, స్టాక్‌హోం నగరాలలోని శాస్త్రజ్ఞులు దానిని శుద్ధిచేసి రోగులకు వాడదగినదిగా రూపొందించారు. ఈనాడు గుండె శస్త్రచికిత్సలలోను, మూత్రపిండాల రోగులకు చేసే డయాలిసిస్‌లోను హెపారిన్ వాడకం సర్వసాధారణం.

మన హైదరాబాద్‌కు కూడ ఈ కథలో చోటున్నది. 1953లో అక్కడ ప్రారంభమైన బయోలాజికల్ ఇ. సంస్థ తొలి ఉత్పత్తులలో రక్తం గడ్డకట్టకుండ చేసే మందులు ఉన్నాయి. 1978లో పి.వి.ఎన్.రాజు స్థాపించిన గ్లాండ్ ఫార్మా హెపారిన్ తయారీలో పేరు గడించినది. హెపారిన్‌ను వెనుక ఎద్దుల ఊపిరితిత్తుల నుండి కూడ తీసేవారు. నేడు ప్రపంచంలో అధిక భాగం పంది పేగుల నుండి వస్తున్నది. ఈ విషయం తెలిసినప్పుడు మన విద్యార్థులకు సందేహం కలుగుట సహజం. ప్రాణరక్షణకు వేరు మార్గం లేని చోట 'జరూరత్' సూత్రాన్ని అనుసరించి అనుమతి ఉన్నదని ఫిఖహ్ పండితులు చెప్పుతూ వచ్చారు. అదిగాక, హెపారిన్ గొలుసులో అసలు పనిచేసే అయిదు చక్కెరల ముక్కను జంతువుతో పని లేకుండ రసాయనశాలలోనే నిర్మించి ఫాండాపారినక్స్ అనే మందు చేశారు. దాని జనరిక్ రూపాన్ని 2011లో అమెరికా విపణిలో ప్రవేశపెట్టినది హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థయే.

ఇక హెపారిన్ స్వరూపం. ఇది కూడ ఒక చక్కెర గొలుసు. రెండేసి చక్కెరల జంటలు వరుసగా కూడి ఇది ఏర్పడుతుంది. ఒక్కొక్క జంటకు సగటున రెండుకు పైగా సల్ఫేటు గుంపులు, వాటితోపాటు ఒక కార్బాక్సిల్ గుంపు ఉంటాయి. ఇవన్నీ ఋణావేశం గలవే. మన శరీరంలో తయారయ్యే అణువులలో ఇంత దట్టమైన ఋణావేశం గలది మరొకటి లేదు. మాస్ట్ కణాలనే ప్రత్యేక కణాలు దీనిని తయారుచేసి తమలో దాచుకొంటాయి.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. మృదులాస్థిలో హెపారిన్ ఉండదు కదా, మరి కొల్లాజెన్ దానిని పట్టుకొంటే మనకేమి? హెపారిన్‌కు హెపరాన్ సల్ఫేటు అనే సోదరుడు ఉన్నాడు. అవే చక్కెరలు, అదే అమరిక. సల్ఫేటు గుంపులు మాత్రం తక్కువ. ఈ హెపరాన్ సల్ఫేటు పెర్లికాన్ అనే పెద్ద అణువుకు వేలాడుతూ మృదులాస్థి కణాల చుట్టూ ఉంటుంది. దానిని శుద్ధంగా, తగినంతగా సంపాదించడం కష్టం. హెపారిన్ మందుల అంగడిలోనే దొరుకుతుంది. కావున శాస్త్రజ్ఞులు సోదరునికి బదులు హెపారిన్‌ను ప్రతినిధిగా నిలిపి పరీక్షలు జరిపారు. ప్రతినిధి కొంచెం ఎక్కువ ఆవేశపరుడు అన్న సంగతిని మాత్రం ఫలితాలను చదివేటప్పుడు మరువరాదు.

పట్టు ఎట్లా కుదురుతుంది?

మాంసకృత్తులలోని అమైనో ఆమ్లాలలో లైసీన్, ఆర్జినీన్ అనేవి ధనావేశం గలవి. ధన ఋణాలు ఆకర్షించుకొంటాయని పాఠశాలలోనే చదువుకొన్నాము. అయితే ఎక్కడో ఒక లైసీన్ ఉన్నంత మాత్రాన పట్టు కుదరదు. ధనావేశం గల ఆమ్లాలు కొన్ని దగ్గర దగ్గరగా, తగిన ఎడంతో ఉండవలెను. కార్డిన్, వైన్‌ట్రాబ్ అనే పరిశోధకులు 1989లో హెపారిన్‌ను పట్టే అనేక మాంసకృత్తులను పోల్చి చూచి ఇట్టి వరుసలలో ఒక క్రమం ఉన్నదని చూపారు. పద్యంలో గణాలు కుదిరినప్పుడే నడక వచ్చినట్లు, ఇక్కడ ఆవేశాల వరుస కుదిరినప్పుడే పట్టు వస్తుంది. కొల్లాజెన్‌లో మరొక సౌకర్యం ఉన్నది. మూడు పోగులు ఒకే చోట పెనవేసుకొని ఉన్నందున ఒక్కొక్క పోగులోని లైసీన్లు ప్రక్కప్రక్కకు చేరి, ధనావేశపు పట్టీ ఏర్పడుతుంది. ఒంటరి పోగు చేయలేని పనిని ముప్పేట తాడు చేయగలుగుతుంది.

ఇందులో ఉప్పుకు గల పాత్ర ఆసక్తికరమైనది. శరీర ద్రవాలలో హెపారిన్ గొలుసు ఒంటరిగా తిరుగదు. తన ఋణావేశం చుట్టూ సోడియం అయానులను పోగుచేసుకొని ఉంటుంది. కొల్లాజెన్ వచ్చి అతుక్కొన్నప్పుడు ఆ అయానులు విడుదలై నీటిలోనికి చెదిరిపోతాయి. ఆ విడుదల కూడ పట్టుకు తోడ్పడుతుంది. ద్రావణంలో ముందే ఉప్పు అధికంగా ఉంటే అయానులకు పోవడానికి తావుండదు. అప్పుడు పట్టు సడలుతుంది.

ఈ సూత్రంపైనే పరీక్షా విధానం ఆధారపడినది. చిన్న చిన్న గుళికలకు హెపారిన్‌ను అతికించి ఒక గాజు గొట్టంలో నింపుతారు. దాని గుండా కొల్లాజెన్ ద్రావణాన్ని పోస్తారు. హెపారిన్ అంటే ప్రీతి లేనివి వెంటనే క్రిందికి జారిపోతాయి. ప్రీతి గలవి గుళికలను పట్టుకొని నిలిచిపోతాయి. తరువాత ఉప్పు నీటి గాఢతను క్రమంగా పెంచుతూ పోస్తారు. బలహీనంగా పట్టుకొన్నవి తక్కువ ఉప్పుకే వదలివస్తాయి, గట్టిగా పట్టుకొన్నవి ఎక్కువ ఉప్పు పోస్తే గాని రావు. ఎంత ఉప్పుకు విడిపోయినదో చూచి పట్టు ఎంత గట్టిదో తెలిసికొనవచ్చును.

ఇట్టి పరిశోధనల వలన తేలినదేమిటి? మృదులాస్థిలో కణాల దగ్గర ఉండే, పదకొండవ రకంగా మనం ఎరిగిన కొల్లాజెన్‌కు చక్కెర గొలుసుల అణువులతో సంబంధం ఉన్నదని 1985 నాటికే అమెరికాలో గుర్తించారు. 2001లో ఈ పదకొండవ రకం హెపారిన్‌తోను, హెపరాన్ సల్ఫేటుతోను కలిసే తీరును బ్రిటన్ పరిశోధకులు విపులంగా వివరించారు. 2004లో తొమ్మిదవ రకం వంతు వచ్చినది. దాని ఒక కొన గుండ్రని ముద్దవలె పోగు ఉపరితలం నుండి బయటికి పొడుచుకొని ఉంటుంది. ఆ ముద్ద ధనావేశంతో నిండి ఉన్నదనీ, హెపారిన్‌ను పట్టుకొంటుందనీ తేలినది. పదకొండవ రకం కొనభాగం అన్ని కాలాలలోను ఒకే రూపంలో ఉండదు. రూపాన్నిబట్టి హెపరాన్ సల్ఫేటును పట్టే శక్తి మారుతుందని 2006లో మరొక పరిశోధన చూపినది.

ఈ వివరాలలో ఒక పొందిక కనిపిస్తుంది. తొమ్మిదవ, పదకొండవ రకాల కొల్లాజెన్లు తమ శరీరాన్ని రెండవ రకం పోగులో కలిపివేసి, కొనలను మాత్రం చేతులవలె బయటికి చాచి ఉంచుతాయి. ఆ చేతులు చుట్టూ ఉన్న సల్ఫేటు గొలుసులను అందుకొంటాయి. ఒకవైపు పోగు, మరొకవైపు గొలుసు, నడుమ ఈ చేయి. పరుపులో కుట్టు చేసే పని ఇదే గదా. అంతేకాదు, కణం చుట్టూ ఉండే హెపరాన్ సల్ఫేటు పెరుగుదలకు తోడ్పడే కొన్ని మాంసకృత్తులను తనలో నిలువ ఉంచుకొని, కీలుపై ఒత్తిడి పడినప్పుడు కణానికి అందజేస్తుంది. ఆ విధంగా ఈ పట్టు కణానికి బయటి వార్త తెలిపే తపాలా కూడ.

పట్టు తప్పితే

ఏదైనా ఒక వస్తువు విలువ అది లేనప్పుడే తెలుస్తుందంటారు. పదకొండవ రకం కొల్లాజెన్ లోపించిన ఎలుకలను గురించి 1995లో ప్రకటించిన పరిశోధనలో, వాటి మృదులాస్థి పోగులు అదుపు లేకుండ లావెక్కినట్లు, పిల్లలు పుట్టగానే చనిపోయినట్లు తెలిసినది. మొత్తంలో కొద్దిపాటి వంతైన పదార్థం లేకపోతే మిగిలినదంతా ఉండియు ప్రయోజనం లేకపోయినది. పెర్లికాన్ లేని ఎలుకలలోను మృదులాస్థి అస్తవ్యస్తమైనట్లు 1999లో గుర్తించారు. మనుషులలో రెండు, తొమ్మిది, పదకొండు రకాల కొల్లాజెన్ల జన్యువులలో దోషాలున్నప్పుడు స్టిక్లర్ వ్యాధి కలుగవచ్చును. చిన్ననాటనే దృష్టిదోషం, వినికిడి లోపం, చిన్న వయసులోనే కీళ్ళనొప్పులు దాని లక్షణాలు. ఈ దోషాలలో చెడేది హెపారిన్‌ను పట్టే భాగం ఒక్కటే కాదు, మాంసకృత్తు అంతా దెబ్బతింటుంది. అయినా ఆ అల్పమైన కొల్లాజెన్లు ఎంత అవసరమో ఇవి చాటుతున్నాయి.

మనలో అధికసంఖ్యాకులను బాధించే కీళ్ళ అరుగుదల వేరు విధంగా నడుస్తుంది. ముందుగా అగ్రికాన్ తెగి కొట్టుకొనిపోతుంది. పరుపులో దూది తరుగుతుంది. తరువాత కొన్ని ఎంజైములు కొల్లాజెన్ తాడునే కోయనారంభిస్తాయి. అగ్రికాన్‌ను శరీరం కొంతవరకు మరల తయారుచేసుకొనగలదు. కొల్లాజెన్ సంగతి అట్లా కాదు. వయోజనుని మృదులాస్థిలోని కొల్లాజెన్‌లో సగం మారడానికి 117 సంవత్సరాలు పట్టునని 2000 సంవత్సరంలో లెక్కగట్టారు. ఎదుగుదల పూర్తయిన తరువాత అది ఆచరణలో మారనే మారదని 2016లో మరొక పద్ధతిలో రుజువు చేశారు. అనగా మన కళాశాల విద్యార్థుల మోకాళ్ళలో నేడున్న తాళ్ళే వారికి అరవై, డెబ్బై ఏండ్లు వచ్చినప్పుడు కూడ ఉండవలసినవి. కొత్త తాడు ఇవ్వబడదు.

సారూప్యం తెచ్చిన ప్రమాదం

హెపారిన్‌కు, మృదులాస్థి చక్కెరలకు గల పోలిక ఎంతటిదో 2008లో ఒక విషాదం వలన లోకానికి తెలిసినది. చైనా నుండి వచ్చిన ముడి హెపారిన్‌లో కల్తీ జరిగినది. జంతువుల మృదులాస్థి నుండి తీసిన కాండ్రాయిటిన్ సల్ఫేటుకు రసాయనశాలలో మరిన్ని సల్ఫేటు గుంపులు చేర్చి హెపారిన్‌లో కలిపారు. ఆవేశంలో అది హెపారిన్‌ను పోలి ఉన్నందున అప్పటి మామూలు పరీక్షలు దానిని పట్టుకొనలేకపోయినాయి. ఆ మందు ఎక్కించిన రోగులలో రక్తపోటు హఠాత్తుగా పడిపోయి పలువురు మరణించారు. తరువాత పరీక్షా పద్ధతులను అన్ని దేశాలలోను కట్టుదిట్టం చేశారు. ఆవేశం ఒక్కటే చాలదు, ఆకృతి కూడ ముఖ్యమే అన్న పాఠం ఇంత ఖరీదు పెట్టి నేర్చుకోవలసివచ్చినది.

మనకు ప్రయోజనమేమి?

ఇంత చదివిన తరువాత హెపారిన్ మోకాళ్ళకు మందేమో అనే భ్రమ ఎవరికీ కలుగరాదు. అది రక్తానికి సంబంధించిన మందు, వైద్యుని పర్యవేక్షణ లేకుండ వాడితే ప్రాణాంతకం. పాయా తాగితే మోకాలు బాగుపడుననే నమ్మకం కూడ మన ఇండ్లలో ఉన్నది. పాయా రుచికరమైనదే, బలకరమైనదే. కాని అందులోని కొల్లాజెన్ జీర్ణకోశంలో విడి పూసలుగా, చిన్న ముక్కలుగా విడిపోతుంది గాని తాడుగా మోకాలికి చేరదు. ఖరీదైన కొల్లాజెన్ పొడుల విషయంలోను ఈ జీర్ణక్రియ తప్పదు. గ్లూకోసమీన్, కాండ్రాయిటిన్ మాత్రలపై అమెరికాలో 1,583 మంది రోగులతో జరిపి 2006లో ప్రకటించిన పెద్ద పరీక్షలో, మొత్తం మీద అవి ఉత్తుత్తి మాత్రలకంటె చెప్పుకోదగినంత మేలుచేయలేదని తేలినది. కూలి డబ్బులతో ఇట్టి డబ్బాలు కొనే తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పవలసిన బాధ్యత చదువుకొన్న పిల్లలదే.

మేలుచేసేవి సులభమైనవే. శరీరపు బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోను మోకాలిపై పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గునని 2005లో ఒక పరిశోధన తెలిపినది. తొడ కండరాలకు బలం చేకూర్చే వ్యాయామం నొప్పిని తగ్గిస్తుంది. నొప్పి ఉన్నదని పూర్తిగా మంచం పట్టరాదు. నీటి రాకపోకలు ఆగితే కణాలకు ఆహారం ఆగుతుంది. గంటల కొలది గొంతుకూర్చుండి పనిచేసేవారు నడుమ నడుమ లేచి నాలుగు అడుగులు వేయవలెను. ఆ పనిని పీట వేసికొని, లేక నిలుచుండి చేయగల వీలుంటే మరీ మంచిది. దెబ్బ తగిలిన మోకాలిని ఆటలో మరల మరల వాడరాదు. పేరు తెలియని సూది వేయించుకొని ఆనాటికి నొప్పి తగ్గినదని సంతోషించేకంటె ఎముకల వైద్యునికి చూపుట మేలు.

మన కళాశాల ప్రయోగశాలలోనే ఈ విషయాన్ని కన్నులారా చూడవచ్చును. మాంసపు అంగడి నుండి మేక గాలిగొట్టపు ముక్కను తెచ్చి, పలుచని పొరలుగా కోసి, టొలుయిడిన్ బ్లూ అనే రంగు నీటిలో కొద్దిసేపు ఉంచితే చాలును. ఆ రంగు ధనావేశం గలది. మామూలు కణజాలంలో అది నీలంగానే ఉంటుంది. మృదులాస్థిలోని సల్ఫేటు గొలుసులపై వరుసగా అతుక్కొన్నప్పుడు ఊదారంగుకు మారుతుంది. హెపారిన్ చుక్క వేసినా అదే మార్పు. రంగు నీటిలో ఉప్పు అధికంగా కలిపితే ఆ పట్టు సడలి రంగు వెలవెలబోతుంది. కొల్లాజెన్ చేయి చేసే పనిని ఇక్కడ రంగు చేసి చూపుతుంది. ఒక చిన్న రంగు సీసా, నాలుగు గాజు పలకలు, ఒక సూక్ష్మదర్శిని ఉంటే చాలు. కళాశాల కమిటీ పెద్దలు వచ్చే విద్యా సంవత్సరంలో ఈ కొద్దిపాటి ఏర్పాటు చేయవలెనని, దాని వివరణ పత్రాన్ని తెలుగు, ఉర్దూ రెండు భాషలలోను వ్రాయించి ప్రయోగశాల గోడపై ఉంచవలెనని మా మనవి.

శరీరంలో సంఖ్యాబలం ఒక్కటే బలం కాదు. నూటికి అయిదు పాళ్ళు కూడ లేని కొల్లాజెన్లు తమ చేతులు చాచి రెండు భిన్నమైన పదార్థాలను కలిపి పట్టుకొన్నందువలననే మిగిలిన తొంబదియైదు పాళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ పట్టు మనకు జీవితంలో ఒక్కసారే లభిస్తుంది. పొలంలోను, గనిలోను, వంట ఇంటిలోను మన కోసం మోకాళ్ళు అరుగదీసుకొన్న పెద్దలకు విశ్రాంతి కల్పించడం, మన మోకాళ్ళను రాబోయే యాభై ఏండ్లకు కాపాడుకొనడం, ఈ రెండింటిని నేటి విద్యార్థులు ఇప్పుడే మొదలుపెట్టవలెను.